మట్టల ఆదివారం ఊరేగింపును పల్లె సంఘంలో సిద్ధం చేసుకొనే విధానం

యేసు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చిన రోజును తలచుకొనే మట్టల ఆదివారం (ఈస్టరుకు ముందు ఆదివారం) ఉదయం మందిరం ముందు జనం చేరడం, తలా ఒక ఈత మట్టో తాటి మట్టో పట్టుకొని పాడుకొంటూ ఊరు చుట్టి రావడం, ఆ తరువాత ఆరాధనకు కూర్చోవడం మా విజయనగరం జిల్లా పల్లెల్లోని అనేక సంఘాలలో ఏటా జరిగేదే. అయితే కొంతకాలంగా ఈ ఊరేగింపుకు వేరొక ఊరేగింపు పోలికలు వచ్చి చేరుతున్నాయి. ముందు సౌండ్ బాక్సులు కట్టిన వ్యాను, దాని వెనుక మెడలో దండలతో పెద్దలు, ఆ పైన దాతల ఫోటోలు వేసిన ఫ్లెక్సీ. నామినేషన్ వేయడానికి వెళ్ళే అభ్యర్థి వెంట నడిచే జనానికీ మనకూ చేతిలోని మట్ట ఒక్కటే తేడాగా మిగులుతోంది. మా సంఘంలోనూ ఒక ఏడాది ఇంతే జరిగింది. వీధి అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏ పార్టీవోలు బాబూ మీరు?" అని అడిగింది. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ మరుసటి సంవత్సరం నుండి మేము ఏర్పాట్లను మొదటి నుండి మార్చుకొన్నాము. యేసు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చినప్పుడు తన రాజరికాన్ని ఏ గుర్తులతో చూపించాడో, ఆ గుర్తులు ఊరేగింపులో నడిచేవారికీ వీధిలో నిలబడి చూసేవారికీ కనబడేటట్లు చేయడమే ఆ మార్పులన్నింటి ఉద్దేశం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల సంఘ పెద్దలకు ఉపయోగపడవచ్చునని ఆ పద్ధతిని ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా చదువుకోవలసినది

ఊరేగింపుకు కనీసం నాలుగు వారాల ముందు సంఘ పెద్దలు, సండే స్కూలు ఉపాధ్యాయులు, యవ్వనస్థులు, స్త్రీల సమాజం వారు ఒకచోట కూర్చోవాలి. ఆ రోజు ఖర్చుల మాట, మైకు మాట ఎత్తకూడదు. బైబిలు మాత్రమే తెరవాలి.

రాజు గాడిదనెక్కి వస్తాడని చెప్పిన జెకర్యా ప్రవక్త గ్రంథం 9వ అధ్యాయం 9వ వచనాన్ని అందరూ చదువుతారు. 10వ వచనం దగ్గరకు వచ్చేసరికి పుస్తకం మూసేస్తారు. గాడిద ఎందుకో తెలియాలంటే ఆ 10వ వచనం కావాలి. ఎఫ్రాయిములో రథాలు, యెరూషలేములో గుర్రాలు, యుద్ధపు విల్లు లేకుండా పోతాయని, ఆ రాజు అన్యజనులకు సమాధానవార్త తెలుపుతాడని, అతని ఏలుబడి సముద్రం నుండి సముద్రం వరకు ఉంటుందని అక్కడ వ్రాసి ఉంది. ఇందులో తీసివేయబడుతున్నది శత్రువుల రథాలని అనుకొని చదివేస్తాము గాని, ఎఫ్రాయిము, యెరూషలేము అంటే ఆ రాజు సొంత జనమే. సమాధానం తెచ్చే రాజు మొదట తన ఇంటి ఆయుధాలనే కింద పెట్టిస్తాడు. ఈ ఒక్క మాట మీద సమావేశంలో అరగంట మాట్లాడుకొన్నా కాలం వృథా కాదు.

దీనికి జతగా ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం చివరి భాగం చదవాలి. ఇశ్రాయేలు రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించకూడదు, వెండి బంగారాలను పోగుచేసుకోకూడదు, ధర్మశాస్త్రానికి ప్రతి వ్రాసుకొని దినదినం చదువుకోవాలి, తన సహోదరుల మీద గర్వించకూడదు అన్న నియమాలు అక్కడ ఉన్నాయి. ఆ వెంటనే 1 రాజులు 10:26 తెరిస్తే సొలొమోనుకు 1,400 రథాలు, 12,000 మంది రౌతులు ఉన్నట్లు కనబడుతుంది. ఇదే సొలొమోను పట్టాభిషేకం నాడు తండ్రియైన దావీదు కంచర గాడిదనెక్కి గిహోనుకు వెళ్ళినవాడు. కంచర గాడిదతో మొదలైన ఏలుబడి గుర్రాలశాలలతో ఎక్కడికి చేరిందో పెద్దలు చెప్పనక్కరలేదు, చదివితే పిల్లలకే అర్థమవుతుంది.

ఇక్కడ బోధకులు తరచుగా చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. యేసు గుర్రం కొనలేనంత పేదవాడు కనుక గాడిదనెక్కాడని చెబుతుంటారు. ఆయన పేదవాడే, సందేహం లేదు. కాని ఆ దేశంలో గాడిద నీచమైన వాహనం కాదు. న్యాయాధిపతియైన యాయీరు ముప్పదిమంది కుమారులు ముప్పది గాడిదలనెక్కి తిరిగేవారని న్యాయాధిపతులు 10వ అధ్యాయంలో ఉంది. గుర్రం యుద్ధానిది, గాడిద పొలానిదీ ఇంటిదీ. గుర్రం ఎక్కకపోవడంలో లోటు కంటె నిర్ణయం ఎక్కువగా ఉంది.

మన ప్రాంతపు పిల్లలకు రాజు అనగానే గుర్తొచ్చేది బొబ్బిలి. 1757 జనవరి 24న విజయనగరం రాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి ఆ కోటను ముట్టడించిన కథ, తాండ్ర పాపారాయుడు పగ తీర్చుకొన్న కథ బుర్రకథలలో వింటూ పెరిగినవారు మన ఇళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. సండే స్కూలులో ఆ కథను దాటవేయనక్కరలేదు. కోట, ఏనుగు, కత్తి, పగ అనే నాలుగు మాటలు బోర్డు మీద ఒక పక్క వ్రాసి, జెకర్యా చెప్పిన రాజు దగ్గర వాటి స్థానంలో ఏమున్నాయో రెండో పక్క పిల్లల చేతనే వ్రాయించాలి. ఆ బొబ్బిలే పనస కర్రతో చెక్కిన వీణలకు కూడా పేరు పొందిందని ఒక పిల్లవాడు మా తరగతిలో లేచి చెప్పాడు. నేను సిద్ధం చేసుకొన్న పాఠంలో అది లేదు.

మాటల విషయంలో కొంచెం ఆగాలి

జెకర్యాలో ఈ రాజును మన తెలుగు బైబిలు "దీనుడు" అంటుంది. అదే ప్రవచనాన్ని మత్తయి 21:5లో ఎత్తి చెప్పినచోట "సాత్వికుడై" అని ఉంటుంది. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడాలి. దీనుడు అంటే మన వాడుకలో దిక్కులేనివాడు, జాలిపడదగినవాడు అనే అర్థమే ముందుకు వస్తుంది. హెబ్రీలోని మాటకు అణగారినవాడు, కష్టం అనుభవించినవాడు అనే ఛాయ ఉంది. మత్తయి వాడిన గ్రీకు మాట అతని సువార్తలో మూడుచోట్ల వస్తుంది: సాత్వికులు భూలోకమును స్వతంత్రించుకొందురన్న కొండమీది ప్రసంగంలో, ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరకు పిలిచిన 11వ అధ్యాయంలో, ఈ ఊరేగింపులో. మొదటిచోట అది వాగ్దానం, రెండవచోట ఆయన స్వభావం, మూడవచోట ఆయన సింహాసనం. యవ్వనస్థులకు ఈ మూడు వచనాలను ఇచ్చి ఒక వారం ధ్యానించమనడం ఏ ప్రసంగానికీ తీసిపోదు.

ఇటువంటి మాటల వెదుకులాట మన తీరంలోనే మొదలైందని కూడా వారికి చెప్పవచ్చు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారిలో ఒకరైన ఆగస్టస్ దె గ్రాంజ్ అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు ఆయన చనిపోయిన తరువాత 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి.

"సమాధానము" అన్న మాట మరింత చిక్కు తెస్తుంది. బడిపిల్లలకు సమాధానం అంటే ప్రశ్న కింద వ్రాసేది. హెబ్రీలో షాలోము అంటే కొట్లాట లేకపోవడంతో ఆగక, లోటు లేకుండా, పగులు లేకుండా నిండుగా ఉండడం. మన మాటకు మూలమైన సంస్కృత ధాతువులో కూడా విడిపోయినవాటిని ఒకచోట చేర్చి నిలపడం అనే భావం ఉంది. కనుక దీనిని "శాంతి" అని తేలికగా మార్చేయకుండా, సమాధానపడడం అనే క్రియను గుర్తు చేస్తే పెద్దలకైనా పిల్లలకైనా చప్పున అందుతుంది. మాట్లాడుకోని ఇద్దరు మాట్లాడుకోవడమే సమాధానపడడం. ఏర్పాట్లలో అసలైన పని ఇక్కడి నుండి మొదలవుతుంది.

మట్టలు కోయడానికి ముందు తగువులు చూడాలి

ప్రతి సంఘంలోనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇళ్ళు ఉంటాయి. గట్టు తగాదాలు, నీటి వంతులు, పెళ్ళి సంబంధం తప్పిపోవడం, సంఘ కమిటీ ఎన్నికలు, కారణం ఏదైనా కావచ్చు. ఊరేగింపుకు మూడు వారాల ముందు పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు మాత్రమే కూర్చొని ఆ ఇళ్ళ పేర్లు చెప్పుకోవాలి. కాగితం మీద వ్రాయకూడదు. పల్లెలో వ్రాసిన కాగితం ఎవరి చేతికైనా చేరుతుంది. వేదిక మీద నుండి పేర్లు ఎత్తకూడదు, సరేసరి. పేర్లు ఎత్తకుండా సూటిపోటి ప్రసంగం చేయడం అంతకంటె చెడ్డ పని.

అర్పణ బలిపీఠం దగ్గర విడిచిపెట్టి ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23, 24లో ఉన్న ఆజ్ఞ, నీ మీద అతనికి ఏమైనా కోపం ఉన్నదని గుర్తొస్తే నువ్వే వెళ్ళమంటుంది. కనుక ఇద్దరిలో ఎవరి మాట సంఘంలో ఎక్కువ చెల్లుతుందో వారిని ముందు కదిలించాలి. చిన్నవాడు వచ్చి కాళ్ళ మీద పడాలని ఎదురుచూసే పెద్దరికం ఊళ్ళో ఎటూ ఉంది, దాన్ని మందిరంలోకి తేనక్కరలేదు. వెళ్ళేటప్పుడు పదిమందిని వెంటబెట్టుకొని వెళ్ళకూడదు, పొద్దుపోయాక వెళ్ళకూడదు. మొదటిసారే తగువు విషయం ఎత్తకూడదు.

మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు గట్టు విషయమై కొన్నేళ్ళు మాట్లాడుకోలేదు. అన్నను మేము ఎంతో బతిమాలాక ఒక సాయంత్రం తమ్ముడి కళ్ళానికి వెళ్ళాడు. తమ్ముడు మినుము బస్తాలు బండికి ఎత్తుకొంటున్నాడు. అన్న ఏమీ మాట్లాడకుండా బస్తాకు రెండో పక్క చెయ్యి వేశాడు. నాలుగు బస్తాలు ఎక్కాక తమ్ముడు నీళ్ళ చెంబు అందించాడు. ఆ రోజుకు అంతే. మట్టల ఆదివారానికి ముందు రోజు తమ్ముడు చెట్టెక్కి మట్టలు కోస్తుంటే అన్న కింద నిలబడి అందుకొన్నాడు. గట్టు తగువు ఇప్పటికీ సర్వేయరు దగ్గరే ఉంది.

ఒక హెచ్చరిక ఇక్కడ తప్పనిసరి. సమాధానం పేరుతో దెబ్బలు తిన్న భార్యను తిరిగి అదే ఇంటికి పంపడం, కూలి ఎగ్గొట్టినవాడి ముందు కూలివాడినే తలవంచుకోమనడం చేయకూడదు. సమాధానం లేనప్పుడు సమాధానం అని చెప్పి గాయాన్ని పైపైన మాన్పేవారిని యిర్మీయా 6:14 గద్దిస్తుంది. జెకర్యా వచనంలో మాటల వరుస గమనించండి: ఆ రాజు మొదట నీతిపరుడు, తరువాత రక్షణగలవాడు, ఆ తరువాతనే దీనుడు. న్యాయం తేల్చవలసిన చోట తేల్చకుండా "సర్దుకుపోండి" అనే పెద్దమనిషి దీనత్వం తన సుఖం కోసం పెట్టుకొన్నది.

మట్టలు, గాడిద, దారి

యోహాను చెప్పినవి ఖర్జూరపు మట్టలు. మన ఈత చెట్టు ఆ ఖర్జూరానికి దగ్గరి చుట్టమే కనుక ఈత మట్ట పట్టుకోవడం ఏ విధంగానూ తక్కువ కాదు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వైపు కొబ్బరి మట్టలు వాడతారు. ఏ చెట్టుదైనా చుట్టూ ముదిరిన మట్టలనే కోయాలి. నడిమి మొవ్వు జోలికి పోకూడదు. ఈ జాతి చెట్లకు పెరిగే చోటు ఆ మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు చచ్చిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరితోటలను ఎలా నేలమట్టం చేసిందో చూసినవారికి ఒక్కో చెట్టు విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. చెట్టు యజమానిని ముందు రోజే అడగాలి, అతడు సంఘస్థుడైనా సరే. ఈత మట్ట మొదట ఉండే ముళ్ళను, తాటి మట్ట అంచున ఉండే రంపపు పళ్ళను కత్తితో చెక్కి పిల్లలకు ఇవ్వాలి.

గాడిద ఉండి తీరాలా అని అడిగితే, అక్కరలేదనే నా అభిప్రాయం. దేశంలో 2012 పశుగణన నాటికి సుమారు 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి సుమారు 1.2 లక్షలకు పడిపోయాయి. ఇప్పుడు మన పల్లెల్లో గాడిదను వెదికి తేవడమే ఒక యాత్ర. దూరం నుండి ఆటోలో కుక్కి తెచ్చి దానిని హింసపెట్టడం కంటె లేకుండా నడవడం మేలు. దొరికితే మాత్రం యజమానిని కూడా పిలవాలి, దాని పక్కన అతడే నడవాలి, అతనికి ఆ రోజు కూలి ముందుగా ఇచ్చేయాలి. మార్కు 11:3 ప్రకారం యేసు ఆ గాడిదపిల్లను అడిగి తీసుకొన్నాడు, వెంటనే తిరిగి పంపుతానని మాట కూడా చెప్పి పంపాడు. అరువు తెచ్చుకొన్న పశువు మీద వచ్చిన రాజు ఆయన. రాజులు జనం పశువులను పట్టుకుపోవడమే సమూయేలు హెచ్చరించిన సంగతి. 1 సమూయేలు 8వ అధ్యాయంలో గాడిదల పేరుతో సహా ఉంది.

గాడిద మీద పెద్దవారిని ఎక్కించకూడదు. తెల్ల అంగీ తొడిగి ఒకరిని యేసు వేషంలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. చూసేవారి కళ్ళు వేషం మీదికి పోతాయి. వీపు మీద ఒక పాత దుప్పటి వేసి ఖాళీగా నడిపించడమే మా సంఘంలో అలవాటు. డప్పులు దానికి కనీసం ఇరవై గజాల దూరంలో ఉండాలి. బాణసంచా అసలే వద్దు. మొదటి ఏడాది మేము మందిరం గేటు దగ్గర టెంట్‌హౌస్ నుండి తెచ్చిన ఎర్ర కార్పెట్ పరిచాము. గాడిద దాని అంచు దాకా వచ్చి ముందరి కాళ్ళు బిగబట్టింది, చెవులు వెనక్కు వాల్చింది, ముట్టె కిందికి దించి కార్పెట్‌ను వాసన చూసి మరి కదలలేదు. నలుగురం లాగినా లాభం లేకపోయింది. యజమాని మమ్మల్ని పక్కకు తప్పుకోమని, కార్పెట్‌ను కాలితో చుట్టి మట్టి నేల చూపించాడు. తాడు వదిలేసినా అది తనంతట తాను లోపలికి నడిచింది. కార్పెట్ అద్దె డబ్బు ఆ తరువాత సంవత్సరం నుండి మిగులుతోంది.

గాడిద అనగానే పిల్లలు నవ్వుతారు. మన భాషలో అది తిట్టు. గాడిద చాకిరీ అన్న మాట ఎలాగూ ఉంది. నవ్వవద్దని కసరకండి. తిట్టుగా వాడే పేరున్న పశువునే రాజు తన వాహనంగా కోరుకొన్నాడని ఆ నవ్వు మీదనే చెప్పవచ్చు.

దారి ఎంచేటప్పుడు మెయిన్ రోడ్డును, వ్యాపారుల వీధిని వదిలేసి, ఊరి చివరనున్న కాలనీల మీదుగా, ఎవరూ ఊరేగింపు తేని సందుల మీదుగా వెళ్ళాలి. నడకలో పిల్లలు ముందుండాలి, వారి వెనుక వృద్ధులుండాలి, వృద్ధుల అడుగే అందరి అడుగు కావాలి. పాస్టరుగారు, సంఘ పెద్దలు అందరికంటె వెనుక నడవాలి. జారిపడిన చెప్పులు, తప్పిపోయిన పిల్లలు అక్కడే దొరుకుతారు. దండలు, ఫ్లెక్సీలు వద్దు. ఆ కాలానికి ఎండ ముదురుతుంది కనుక ఆరున్నరకు బయలుదేరి ఎనిమిదికల్లా ముగించాలి. మైకుకూ ఊరేగింపుకూ స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందుగా వ్రాసి ఇవ్వాలి. ఉగాది, శ్రీరామనవమి కూడా ఆ రోజులలోనే వస్తుంటాయి కనుక దారిలో నవమి పందిరి ఉంటే ఆ నిర్వాహకులతో ముందు రోజే మాట్లాడుకోవాలి. పందిరి ముందు డప్పు, పాట ఆపి మౌనంగా నడిచి దాటాలి. అన్యజనులకు సమాధానవార్త తెలిపే రాజు పేరు చెప్పుకొనేవారు పొరుగువారి చెవులు పగలగొట్టడం ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఆలోచించుకోండి.

జయము అని పలికేటప్పుడు

హోసన్నా అన్న హెబ్రీ మాటకు మన బైబిలులో "జయము" అని ఉంది. దానితో వీధిలో అది సహజంగానే జిందాబాద్ వరుసలోకి జారిపోతుంది. కాని ఆ కేక 118వ కీర్తన 25వ వచనంలోనిది. "దయచేసి రక్షించుము" అనే మొర అది. ముందు వారం పిల్లలకు ఈ అర్థం చెప్పి, పిడికిలి ఎత్తి అరవకుండా అరచేయి తెరిచి పలకడం నేర్పండి. చెయ్యి మారితే గొంతు కూడా మారుతుంది, మేము చూశాము.

యోహాను 12వ అధ్యాయంలో ఒక వరుస ఉంది. మొదట జనం మట్టలతో ఎదురువచ్చి ఇశ్రాయేలు రాజు అని కేకలు వేస్తారు. ఆ తరువాత యేసు చిన్న గాడిదను కనుగొని దాని మీద కూర్చొంటాడు. కతోలిక బైబిలులో ఉన్న మక్కబీయుల మొదటి గ్రంథం 13వ అధ్యాయంలో, శత్రువుల చేతి నుండి యెరూషలేము కోటను విడిపించుకొన్న జనం మట్టలు పట్టుకొనే లోపలికి వెళ్ళారు. అంటే ఆ మట్టలు యుద్ధ విజయపు జెండాలు. రొట్టెలు తిన్న జనం బలవంతంగా రాజును చేయబోయినప్పుడు కొండకు వెళ్ళిపోయిన ఆయన, ఈసారి రాజు అన్న పిలుపును కాదనలేదు. జెండాలెత్తిన జనానికి తాను ఎటువంటి రాజునో గాడిదనెక్కి చెప్పాడు. లూకా ప్రకారం ఆ దారిలోనే పట్టణాన్ని చూసి, సమాధాన సంబంధమైన సంగతులు దానికి తెలియకపోయెనే అని ఏడ్చాడు కూడా. కనుక ఊరేగింపు మధ్యలో, ఊరు మొత్తం కనబడే చోట ఒకసారి ఆగి, పాట ఆపి, ఆ ఊరి కోసం ఒకరు చిన్న ప్రార్థన చేయాలి. ప్రార్థనలో ఎవరినీ తప్పుపట్టకూడదు. మేము చెరువు గట్టు మీద ఆగుతాము.

ఆరాధన ముగిశాక గాడిదకు నీళ్ళు, గడ్డి పెట్టి ఎండెక్కకముందే యజమానితో పంపించాలి. మట్టలలో కొన్నింటిని ఇళ్ళకు తీసుకువెళతారు. మిగిలినవి వీధిలో పడి ఉండకుండా ఏరి మందిరంలో దాచాలి. కతోలిక సంఘాలవారు వచ్చే ఏడు విభూది బుధవారానికి వాటినే కాల్చి బూడిద చేస్తారు.

గురువారం సాయంత్రం

శుభ శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం కాళ్ళు కడిగే ఆరాధనను కూడా ఈ ఏర్పాట్లలో భాగంగానే చూడాలి. ఆదివారం గాడిద మీద చూపించిన రాజరికమే గురువారం పళ్ళెం దగ్గర కనబడుతుంది. మన పెళ్ళిళ్ళలో ఆడపిల్ల తండ్రి అల్లుడి కాళ్ళు కడుగుతాడు. ఇంటికి వచ్చిన పెద్దవారికి కోడలు కాళ్ళకు నీళ్ళిస్తుంది. కింద ఉన్నవారు పైవారికి చేసే మర్యాద అది. యోహాను 13లో యేసే తన శిష్యుల కాళ్ళు కడిగాడు, ఆ నీళ్ళు ఎదురు పారాయి. పేతురు ఎందుకు అడ్డుపడ్డాడో మనకు వేరే దేశపు పుస్తకాలు చదవకుండానే తెలుస్తుంది.

కడిగేవారు పాస్టరుగారు, సంఘ పెద్దలు. కడిగించుకొనేవారిని ఎన్నుకోవడంలో జాగ్రత్త కావాలి. పన్నెండుమంది అనే లెక్క కోసం మళ్ళీ కమిటీ సభ్యులనే కూర్చోబెడితే అర్థం లేదు. మందిరం ఊడ్చే ఆమె, వలస నుండి పండుగకు వచ్చిన కూలీలు, ఆ సంవత్సరం ఎవరూ పలకరించని కుటుంబం, పెద్దలతో మాట పట్టింపు ఉన్న మనిషి, వీరిని ముందు రోజే ఇంటికి వెళ్ళి పిలవాలి. 2016 నుండి కతోలిక సంఘ విధిలో స్త్రీల కాళ్ళు కడగడానికి కూడా అనుమతి ఉంది. మన పల్లెల్లో స్త్రీల కాళ్ళను స్త్రీల సమాజం పెద్దలు కడగడం అందరికీ ఇబ్బంది లేని పద్ధతి.

కావలసినవి ఒక ఇత్తడి పళ్ళెం, చెంబు, గోరువెచ్చని నీళ్ళు, మనిషికొక తువ్వాలు. ముందుగా ఇంట్లో కడుక్కొని రావద్దని చెప్పాలి. ఫోన్లు లోపల పెట్టించాలి, ఫోటో తీయకూడదు.

మొదటి సంవత్సరం బెంచీ చివర కూర్చున్న ఒక వృద్ధుడు, రోజంతా ఇటుక బట్టీలో పనిచేసి వచ్చినవాడు, పాస్టరుగారు తన ముందు మోకరించగానే కాళ్ళు బెంచీ కిందికి లాక్కొన్నాడు. "అదేటి అయ్యగారూ, నా కాళ్ళు మీరు కడగడమేటి?" అన్నాడు. "తాతా, కాలు చాపు" అన్నారు పాస్టరుగారు, తల ఎత్తకుండా. మడమల పగుళ్ళలో ఎర్రమట్టి గీతలుగా దిగి ఉంది. ఒక చెంబు నీళ్ళకు అది రాలేదు. రెండో చెంబు పోసి, బొటనవేలితో ఒక్కో పగులు వెంట నెమ్మదిగా రుద్దితే గాని పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడలేదు. ఆ సేపంతా వృద్ధుడు తన కాళ్ళ వైపు చూడలేదు, పాస్టరుగారి నడినెత్తి వైపు చూస్తూ కూర్చున్నాడు.

కడిగిన నీటిని మందిరం ఆవరణలోని కొబ్బరి మొక్క మొదట్లో పోయాలి. పళ్ళెం, చెంబు ఎవరింటి నుండి తెచ్చారో తోమి ఆ రాత్రే వారింటికి చేర్చాలి. తువ్వాళ్ళు ఉతికే పని స్త్రీల సమాజానికి అప్పగించకూడదు, అది కడిగినవారిదే. మా పాస్టరుగారు, ఇద్దరు పెద్దలు శుక్రవారం తెల్లవారుజామున బోరింగు దగ్గర వాటిని ఉతికి, ఆరాధనకు జనం వచ్చేలోపు మందిరం వెనుక తీగ మీద ఆరవేస్తారు.